తప్పు ఎక్కడుందో చెప్పే నేర్పు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



పురుగు అనే మాట చెవిని పడితే మన గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకి గుండె గుబేలుమంటుంది. పట్నంలో కాపురం పెట్టినా సరే, పుట్టింటి వైపో అత్తింటి వైపో నాలుగెకరాల పత్తో మిరపో లేనివాళ్లం మనలో ఎంతమంది? 1980ల్లో తెల్లదోమ పత్తిచేల మీద పడి ఎన్ని కుటుంబాలని అప్పులపాలు చేసిందో పెద్దవాళ్లకి తెలుసు. 2021లో కొత్తరకం తామరపురుగు మిరప పూతలో దూరి కాయ పట్టకుండా చేసిన సంగతి ఇంకా ఎవరూ మర్చిపోలేదు.

మిరపచేను ఉన్న ఇంట్లో పెరిగిన పిల్లకి ఒక సంగతి చిన్నప్పుడే తెలిసిపోతుంది. "ఆకు ముడుచుకుపోయిందండీ" అని లాం ఫారం వాళ్లకి చెప్తే చాలదు. పైకి ముడిచిందా, కిందికి ముడిచిందా అని వాళ్లు అడుగుతారు. అంచులు పైకి లేచి దోనెలాగా ముడిస్తే అది తామరపురుగు పని. కిందికి వంగి, బోర్లించిన పడవలాగా ముడిస్తే నల్లి పని. రెంటికీ మందులు వేరు. ఆ ఒక్క ముక్క చూసి చెప్పగలిగిన మనిషి సగం చేను కాపాడినట్టే. అది చెప్పలేక, కొట్టువాడు ఏ డబ్బా చేతిలో పెడితే ఆ డబ్బా కొట్టినవాళ్లకి డబ్బూ పోతుంది, పంటా పోతుంది.

ఇవాళ నేను మీతో ముచ్చటించాలనుకున్నది ఈ చెప్పే నేర్పు గురించే. అయితే చేలో పురుగుల సంగతి రైతుల కార్యక్రమం వారికి వదిలేసి, మన పిల్లలు రాత్రీ పగలూ ముందు పెట్టుకు కూర్చునే కంప్యూటర్లలో పురుగుల సంగతి చెప్తాను. లెక్కలూ గిక్కలూ చెప్పి విసిగిస్తానేమోనని రేడియో కట్టేయకండి. నేనూ పదో తరగతితో పుస్తకం మూసినదాన్నే.

కంప్యూటరు పనిలో దొర్లిన తప్పుని ఇంగ్లీషులో బగ్ అంటారు. అంటే పురుగే. యంత్రంలో వచ్చిన చిక్కుని ఈ మాటతో చెప్పడం పాత అలవాటు. బల్బు ఎడిసన్‌గారు 1878లోనే ఒక ఉత్తరంలో అలా రాశారు. 1947 సెప్టెంబరు 9న మాత్రం నిజం పురుగే దొరికింది. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ టూ అనే గదంత యంత్రం మొరాయిస్తే, లోపలి మీటల మధ్య చిక్కుకున్న రెక్కల పురుగు కనబడింది. దాన్ని బయటికి తీసి, పనిపుస్తకంలో అంటించి, ఏ వేళకి, యంత్రంలో ఏ చోట దొరికిందో పక్కన రాసిపెట్టారు. ఆ జట్టులో పనిచేసి, ఈ కథని లోకమంతా చెప్పిన ఆవిడ గ్రేస్ హాపర్. గణితంలో డాక్టరేటు తీసుకుని, నౌకాదళంలో రేర్ అడ్మిరల్ హోదా దాకా ఎదిగిన స్త్రీ. ఆ పుస్తకాన్ని ఇప్పటికీ స్మిత్‌సోనియన్ మ్యూజియంలో భద్రం చేశారు. మనమైతే ఛీ అని విదిలించి పారేసేవాళ్లం. వాళ్లు అంటించి రాసుకున్నారు. ఈ విద్య అంతా ఆ రాసుకోవడంలోనే ఉంది.

కంప్యూటరుకి పని చెప్పే కాగితాన్ని ప్రోగ్రాము అంటారు. వంటకం రాసిన కాగితం లాంటిదే అనుకోండి. మనం ఆవకాయ పాళ్లు రాసి "ఉప్పు తగినంత" అంటే కొత్త కోడలు కూడా ఎలాగో గ్రహించుకుంటుంది. యంత్రానికి తగినంత అంటే తెలీదు. ఎన్ని గిద్దెలో చెప్పాలి. అలా గీతగీసి చెప్పడానికి ప్రత్యేకమైన భాషలున్నాయి. వాటిలో ఒకటి పైథాన్. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో పిల్లలు ముందుగా నేర్చుకునే భాషల్లో ఇదొకటి. నెదర్లాండ్స్ దేశస్థుడు గైడో వాన్ రోసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో మొదలుపెట్టి 1991లో లోకానికి ఇచ్చాడు. కొండచిలువని చూసి పెట్టిన పేరేమో అనుకునేరు! మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్యగాళ్ల బృందం పేరది.

ఈ పైథాన్ ఓపెన్ సోర్స్ రకం. అంటే దాని లోపలి రాతంతా ఎవరైనా చదువుకోవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. పైసా ఇవ్వక్కర్లేదు. బజారులో కొన్న మసాలా పొడి ప్యాకెట్టులో ఏ పాళ్లు ఉన్నాయో మనకి చెప్పరు. పక్కింటి పిన్నిగారి కారప్పొడి అలా కాదు. ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుని ధనియాలెన్ని, వెల్లుల్లి ఎంత అని చెప్తుంది. మనకి నచ్చకపోతే రెండు ఎండుమిరపకాయలు తగ్గించుకుంటాం. ఓపెన్ సోర్స్ పిన్నిగారి కారప్పొడి అన్నమాట.

మరి అందరి వస్తువు పాడైతే ఎవరు బాగుచేస్తారు? ఈ సంగతి తెలుసుకున్నకొద్దీ నాకు ముచ్చటేసింది. పైథాన్‌కి ఒక బహిరంగ చిట్టా ఉంది. ఎవరికి ఏ తప్పు కనబడినా అందులో రాయవచ్చు. పదిహేనేళ్ల కుర్రాడు రాసినా, పండుముసలి ప్రొఫెసరు రాసినా వరస సంఖ్య వేసి తీసుకుంటారు. ఎవరు రాశారు, ఎవరు ఏమని జవాబిచ్చారు, ఏళ్ల తరువాత కూడా చదువుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో ఈ చిట్టాని కొత్త చోటికి తరలించినప్పుడు కూడా పాత ఫిర్యాదులని పారేయకుండా వెంట తీసుకెళ్లారు.

అందులో ఎలా రాయాలన్నదానికి ఒక పద్ధతుంది. మన ఇంటి భాషలో చెప్తాను. మిక్సీ బాగుచేసే అబ్బాయి దగ్గరికి వెళ్లి "మిక్సీ పాడైంది నాయనా" అంటే అతను ఏం చేస్తాడు? మొత్తం విప్పుతాడు. అదే, "కొబ్బరి చట్నీకి బాగానే తిరుగుతోంది. గట్టిగా పప్పు వేస్తే మూడో నిమిషానికి ఆగిపోతోంది. పది నిమిషాలు వదిలేస్తే మళ్లీ తిరుగుతోంది. కొని రెండేళ్లయింది" అన్నారనుకోండి, విప్పకముందే అతనికి సగం తెలిసిపోతుంది. కంప్యూటరు ఫిర్యాదూ అంతే. నేను చేసిందేమిటి, ఏమవుతుందనుకున్నాను, అయిందేమిటి — ఈ మూడూ చెప్పాలి. ఏ సంవత్సరపు కూర్పు వాడుతున్నారో చెప్పాలి. వెయ్యి వరుసల ప్రోగ్రాములో తప్పొస్తే, అనవసరమైనవన్నీ తీసేస్తూ తీసేస్తూ ఆ తప్పు కనబడే అయిదారు వరుసలు మాత్రం చూపించాలి. బియ్యం చెరిగి, నూకా మట్టిగడ్డా తీసి, రాయిని అరచేతిలో పెట్టి చూపించినట్టు.

అప్పుడు ఇంకొకరు ఎక్కడో జర్మనీలోనో జపానులోనో కూర్చుని అదే చేసి చూస్తారు. "నాకూ అలాగే వచ్చింది" అంటే ఫిర్యాదు నిలిచినట్టు. ఇదివరకే ఎవరైనా చెప్పి ఉంటే పాతదానికి కలుపుతారు. ఒకరు సవరణ రాస్తారు. రాసినవాళ్లే దాన్ని లోపల పెట్టేస్తే బాగుండదని మరొకరు చదివి తప్పులెన్నుతారు. ఆ తరువాత ఒక కాపలా పరీక్ష కూడా రాసిపెడతారు; ఇకముందు ఎవరు ఏ మార్పు చేసినా ఆ పాత తప్పు మళ్లీ తలెత్తిందా అని అది తనంతట తానే చూస్తుంది. ఒక ఏడు బూజు పట్టిన జాడీని ఆ తరువాత ఏటా ప్రత్యేకంగా ఎండబెట్టి, లోపల చెయ్యి పెట్టి చూసుకుంటామే, అలాగ.

ఇదంతా ఎక్కడో దొరల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. ఇందులో మన తెలుగు చిక్కుకుని ఉంది.

పైథాన్‌లో ఒక రాతని ముందుపెట్టి, "ఇందులో మాటలు ఏరిపెట్టు" అని అడిగే సౌకర్యం ఉంది. మాట అంటే అక్షరాల వరస అని దానికి చెప్పి ఉంచారు. ఇంగ్లీషుకి అది చక్కగా సరిపోయింది. మన తెలుగులోనో? యంత్రం మన అక్షరాలని దాచుకునే పద్ధతిలో గుడి, కొమ్ము, ఏత్వం, సున్న, వత్తు పెట్టడానికి వాడే పొల్లు, ఇవన్నీ విడివిడి గుర్తులు. ఆ గుర్తులు అక్షరాలు కావని ఆ నియమం. ఇంకేం, అవి తగిలిన చోటల్లా మాట తెగిపోతుంది. "తెలుగు" అని ఇస్తే త, ల, గ అని మూడు ముక్కలు చేసి ఇస్తుంది. "గుంటూరు" ఇస్తే గ, ట, ర. "ఒంగోలు" ఇస్తే ఒ, గ, ల. "మిర్చి" ఇస్తే మ, ర, చ. చివరికి "అమ్మ"ని కూడా అమ ఒకటి, మ ఒకటి చేస్తుంది. గుణింతం రాని పిల్లవాడు పలక మీద రాసినట్టు లేదూ?

విచిత్రమేమిటంటే, 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ మూడో కూర్పు నుంచీ ప్రోగ్రాములోని పేర్లు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. "తెలుగు" అనే పేరు పెడితే ఒక్క మాటగానే ఒప్పుకుంటుంది. మాటలు ఏరమంటేనే ముక్కలు చేస్తుంది. ఒకే ఇంట్లో ముందుగదిలో గౌరవం, వంటింట్లో చీత్కారం అన్నట్టు!

ఈ లోపాన్ని 2007 ఏప్రిల్‌లో ఒకరు చిట్టాకెక్కించారు. వారు చూపించిన ఉదాహరణ హిందీ వాళ్లు రాసే దేవనాగరి లిపిలోది. జబ్బు మాత్రం మనదే. రోమను కాని లిపులకి ఈ నియమం అక్కరకి రావటం లేదని దాని సారాంశం. 2011 ఆగస్టులో టామ్ క్రిస్టియన్సెన్ ఇదే సంగతి మళ్లీ ఎత్తారు. ఆయన పెర్ల్ అనే మరో భాష మీద ప్రసిద్ధ గ్రంథం రాసినవారిలో ఒకరు. ప్రపంచ లిపులన్నిటికీ కలిపి యూనికోడ్ వారు రాసిపెట్టిన నియమాలకి ఇది విరుద్ధమని ఆయన గట్టిగానే రాశారు.

మరి వెంటనే దిద్దేశారా అంటే, లేదు. ఇక్కడే మనం తెలుసుకోవలసిన విషయం ఉంది. ఏ ఫిర్యాదు వచ్చినా ముందు ఒక ప్రశ్న వేస్తారు: ఇది తప్పా, లేక కొత్త కోరికా? ఉదాహరణకి "అమ్మ"లో అక్షరాలెన్ని అని పైథాన్‌ని అడిగితే నాలుగంటుంది. మనం రెండంటాం. అది తప్పు కాదంటారు వాళ్లు. అ, మ, పొల్లు, మళ్లీ మ, ఇలా దాచుకున్న గుర్తులని లెక్కపెట్టమన్నారు, లెక్కపెట్టింది. మాటలు ఏరే నియమం కూడా వాళ్లు పుస్తకంలో రాసుకున్న ప్రకారమే నడుస్తోంది. రాసుకున్న నియమంలోనే మన లిపికి చోటు లేకపోతే ఏమనాలి? రెండో చిక్కు ఇంకా పెద్దది. ఆ నియమం మీద ఆధారపడి లోకంలో లెక్కలేనన్ని ప్రోగ్రాములు నడుస్తున్నాయి. ఒక చోట సరిచేస్తే ఇంకో చోట ఏమి కూలుతుందో! పాత ఇంట్లో ఒక గోడకి కన్నం వేసి కిటికీ పెట్టాలంటే, పైన దూలం దేనిమీద ఆనిందో మేస్త్రి పదిసార్లు చూసుకుంటాడు కదా. అలాంటి వెనకాముందులతో 2024 అక్టోబరులో వచ్చిన 3.13 కూర్పులో కూడా ఆ నియమం అలాగే ఉండిపోయింది.

అయితే ఆ ఫిర్యాదు వృథా పోయిందా? పోలేదు. మాథ్యూ బార్నెట్ అనే ప్రోగ్రామరు, మాటలు వెతికే పనికి రెజెక్స్ అనే మరో పరికరం తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. అందులో మాట అంటే ఏమిటో యూనికోడ్ వారి నియమం ప్రకారం విశాలం చేశారు. ఆ మార్పు పక్కనే, 2007 నాటి ఆ ఫిర్యాదు సంఖ్య వేసి మరీ చూపించారు. తెలిసిన పిల్లలు దాన్ని తెచ్చి పెట్టుకుంటే మన మాటలు చెక్కుచెదరకుండా వస్తాయి. ఆ రోజున ఆ మనిషి "మనకెందుకులే" అని ఊరుకుని ఉంటే, ఇవాళ ఈ మందు ఏ రోగానికో చెప్పేందుకు సంఖ్య కూడా ఉండేది కాదు.

తలుపులు మూసి ఉన్న చోట ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ ఫోన్లకి మన తెలుగు అక్షరమే తగిలింది. జ్ఞాపకంలో ఉండే "జ్ఞా" మధ్యలో, కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి చేరితే, ఆ అక్షరం చూపించబోయి ఫోనులో ఆ పని కాస్తా కుప్పకూలిపోయేది. మామూలుగా రాసిన జ్ఞానానికి ఏ దోషమూ లేదు. బెంగాలీ, దేవనాగరి అక్షరాలు కొన్నిటికి కూడా అదే గతి పట్టింది. కొందరు ఆకతాయిలు ఆ అక్షరాన్ని సరదాకి పంపి ఎదుటివారి ఫోన్లు ఆపేశారు. కంపెనీవారు ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేశారు. వేగంగానే చేశారు, ఒప్పుకోవాలి. కాని లోపల రాత వాళ్ల చేతిలోనే ఉంటుంది గనక, తెలుగు తెలిసిన ప్రోగ్రామరు ఎంతమంది ఉన్నా బయట నిలబడి ఊహించవలసిందే తప్ప చెయ్యి వేయడానికి లేదు. అక్కడ మరమ్మతు తొందరగా వచ్చింది. ఇక్కడ ఏళ్లు పట్టినా ఎందుకు పట్టిందో చదువుకోవచ్చు, కావాలంటే మనమే ఇంకో దారి వేసుకోవచ్చు. రెంటిలో మంచీ చెడూ మీరే ఆలోచించండి.

వాదనలు వేడెక్కవా అంటే, బ్రహ్మాండంగా వేడెక్కుతాయి. 2018లో పైథాన్‌లో ఒక చిన్న గుర్తు చేర్చే విషయమై ఎంత రభస జరిగిందంటే, భాషని పుట్టించిన గైడోయే విసిగిపోయి ఆ జూలైలో పెద్దరికం వదిలేశారు. 2019 నుంచి ఆ పని చూసేవాళ్లు అయిదుగురు సభ్యుల మండలిని ఎన్నుకుంటున్నారు. మనిషిని తిట్టకుండా పని గురించి మాట్లాడాలని నియమావళి కూడా రాసుకున్నారు. తోడికోడళ్ల మధ్య కూడా ఇలాంటి నియమావళి ఒకటి గోడకి తగిలిస్తే ఎంత బాగుండునో అనిపించింది నాకు! "నువ్వెప్పుడూ ఇంతే" అనే బదులు "నిన్నటి పులుసులో ఉప్పు ఎక్కువైంది" అంటే, వినేవాళ్లకి దిద్దుకునే దారైనా దొరుకుతుంది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మనకి చిన్నప్పటి నుంచి నేర్పిన విద్య సర్దుకుపోవడం. కుక్కరు మూత సరిగా పట్టకపోతే గుడ్డముక్క చుట్టి సర్దుకుంటాం. నడుము నొప్పి వస్తే పసుపు పట్టు వేసి సర్దుకుంటాం. ఫోనులో తెలుగు వత్తు విడిపోయి కనబడితే, పోనీలే అని ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టి సర్దుకుంటాం. ఓర్పు మంచి గుణమే. కాని ఇలా లక్షలమంది సర్దుకుపోతే, తయారుచేసినవాడికి అంతా సవ్యంగానే ఉందనిపిస్తుంది. గుడి ఎగిరిపోయిందో, కొమ్ము జారిపోయిందో ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చున్నవాడి కంటికి ఎలా తెలుస్తుంది? తెలుగు చదవగలిగిన కన్నే పట్టాలి. రేపు మన ఆసుపత్రి చీటీలు, రేషను జాబితాలు, పిల్లల పాఠాలు తెలుగులో యంత్రం చదవాలంటే ఈ చిన్న చిన్న గుర్తులే అడ్డొస్తాయి. జాబితాలో "సీతమ్మ" కోసం వెతికే ప్రోగ్రాము రాసిన కుర్రవాడికి ఈ లోపం తెలియకపోతే, సీతమ్మగారు ఉండీ లేనట్టవుతుంది. ఎంత చదువుకున్న ఇంజనీరుకైనా ఇది ఎవరో ఒకరు చెప్తేనే తెలుస్తుంది.

అందుచేత ఈ వారం ఒక పని చేయండి. ఇంట్లో కంప్యూటరు చదువు చదివే అబ్బాయో అమ్మాయో ఉంటే, పైన చెప్పిన ఊళ్ల పేర్లు ఇచ్చి, పైథాన్ చేత మాటలు ఏరించి చూపించమనండి. గ, ట, ర అని రాగానే వాళ్లే ఆశ్చర్యపోతారు. రెజెక్స్ సంగతి మీరే వాళ్లకి చెప్పండి. అమ్మకి ఇదెలా తెలుసా అని నోరు తెరుస్తారు. అలాగే మీ ఫోనులో తెలుగు ఎక్కడ చెడిందో కనబడితే, ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాయండి. నేను ఇది నొక్కాను. ఇది రావాలి. ఇది వచ్చింది. తేదీ వేయండి. దాన్ని ఇంగ్లీషులో పెట్టి, చేరవలసిన చోటికి పంపే పని పిల్లలకి అప్పగించండి. జవాబు రేపే రాకపోవచ్చు. మన పేరున ఒక సంఖ్య మాత్రం పడుతుంది. మన తరువాత అదే చిక్కు ఎదురైన వాళ్లకి అది దారి చూపిస్తుంది.

ఒంట్లో బాగాలేనప్పుడు డాక్టరుగారి దగ్గర కూడా ఈ మూడు వాక్యాల పద్ధతే పాటించి చూడండి. "నీరసంగా ఉందండీ" అనడానికీ, "పది రోజులుగా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, ఇదివరకు వచ్చేది కాదు" అనడానికీ చాలా తేడా ఉంది. చెప్పుకోవడం చిన్నతనం కాదమ్మా. ఉన్నది ఉన్నట్టు, చోటు చూపించి, కోపం లేకుండా చెప్పగలిగితే ఎదుటివారి చేతికి పనిముట్టు అందించినట్టే.

ఇక సెలవు.